ఎవరి విధి? కొలంబియా దుర్ఘటన, ఆనాటి ప్రజాశోకం

అధ్యక్షులకు, ఆచార్యులకు, జర్నలిజం విద్యార్థులైన మిత్రులకు నమస్కారం. విపత్తు వేళ ప్రజల దుఃఖాన్ని పత్రికలు ఎలా రాస్తాయో చెప్పమని నన్ను పిలిచారు. అంత విస్తారమైన విషయాన్ని గంటలో చెప్పడం నా వల్ల కాదు కనుక, ఒకే ఒక్క సాయంత్రం గురించి, ఆ సాయంత్రం నేను రాసిన ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఆ సాయంత్రం 2003 ఫిబ్రవరి 1, శనివారం. ఆ మాట 'విధి'.

అప్పట్లో నేను ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్ని. అమెరికా వ్యోమనౌక కొలంబియా పదహారు రోజుల యాత్ర ముగించుకొని ఫ్లోరిడాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలో ఉదయం 9:16కు దిగాలి. మనకది రాత్రి 7:46. దూర జిల్లాలకు వెళ్ళే మొదటి ఎడిషన్ పేజీలు ఆ వేళకే కట్టేస్తారు కాబట్టి, పత్రికల్లో అందరూ చేసే పనే మేమూ చేశాం: నౌక దిగక ముందే దిగినట్టు వార్త రాసి పెట్టుకున్నాం. 'క్షేమంగా చేరిన కల్పన' అని శీర్షిక పెట్టి, ఆ నౌకలో ఉన్న కల్పనా చావ్లా నవ్వుతూ చెయ్యి ఊపే ఫొటో ఎలాగూ వస్తుందని మూడు కాలాల మేర చోటు ఖాళీగా ఉంచాం. మూలనున్న టీవీలో టెక్సాస్ రాష్ట్రం మీది నీలాకాశం కనిపించేసరికి నౌక దిగాల్సిన సమయం దాటిపోయింది. ఆ ఆకాశంలో తెల్లటి గీతలు సాగిపోతున్నాయి. డెస్కులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మా ప్రూఫ్ రీడర్ ఒకాయన కళ్ళజోడు పైకి తోసుకొని, "రావాల్సింది ఒకటే కదండీ, ఇన్ని వస్తున్నాయేమిటి?" అన్నారు.

నౌక ముక్కలైపోయిందని కాసేపటికి తెలిసింది. వేసిన శీర్షిక తీసేసి కొత్తది పెట్టాలి. చేతిలో ఉన్నది పావుగంట. నేను తడుముకోకుండా 'విధి వక్రించింది' అని రాసి మా చీఫ్ సబ్ గారి ముందు పెట్టాను. ఆయన కాగితం తీసుకొని చదివి, తల ఎత్తకుండానే, "విధా? ఎవరి విధయ్యా?" అన్నారు. తెలుగులో తప్పు పట్టారేమో అనుకున్నాను. ఆయన మాత్రం ఆ మాట కొట్టేసి, వేరే ఏదీ తోచక, సమయమూ లేక, 'నేలరాలిన తార' అని రాసి పేజీ పంపించేశారు. ఆ శీర్షిక కూడా గొప్పదేమీ కాదని ఆయనకూ తెలుసు. ఆ ప్రశ్నను మాత్రం నేను ఆ రాత్రి పట్టించుకోలేదు. దానిలోని పదును నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

మన భాషలో 'విధి' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నుదుటిరాత అనేది ఒకటి, చేయవలసిన పని అనేది మరొకటి. 'విధి బలీయం' అన్నప్పుడు మనిషి చేతిలో ఏమీ లేదని అర్థం. 'విధి నిర్వహణ' అన్నప్పుడు అంతా మనిషి చేతిలోనే ఉందని అర్థం. ఒకే మాట ఇంత ఎదురెదురు అర్థాలను మోస్తూ ఉంటే, దాన్ని వాడేవాడు ఏ అర్థంలో వాడుతున్నాడో తనను తాను అడుక్కోవాలి. వ్యోమనౌక ప్రమాదాల తరువాత జనం పడే దుఃఖమంతా ఈ రెండర్థాల మధ్యనే ఊగిసలాడుతుందని నా అభిప్రాయం.

ముందు ఆ రాత్రి మా పేజీ ఎలా ఉందో చెప్పాలి. కొలంబియాలో మరణించినవారు ఏడుగురు: కమాండర్ రిక్ హస్బెండ్, పైలట్ విలియం మెకూల్, మైకేల్ ఆండర్సన్, డేవిడ్ బ్రౌన్, లారెల్ క్లార్క్, ఇజ్రాయెల్ తొలి వ్యోమగామి ఇలాన్ రామోన్, మన కల్పనా చావ్లా. మేము కల్పన ఫొటోను మూడు కాలాల్లో వేసి, మిగిలిన ఆరుగురినీ కింద వరుసగా తపాలా బిళ్ళలంత చేసి పెట్టాం. ఇందులో సిగ్గుపడాల్సినదేమీ ఉందనుకోను. దుఃఖం ముందుగా తెలిసిన ముఖాన్నే వెతుక్కుంటుంది. టెల్ అవీవ్‌లోని డెస్కువాళ్ళు ఆ రాత్రి రామోన్ ఫొటోను పెద్దదిగా వేసి ఉంటారు, కల్పన వాళ్ళకు తపాలా బిళ్ళ అయి ఉంటుంది.

కల్పన పుట్టిన హర్యానాలోని కర్నాల్ పట్టణంలో, ఆవిడ చదివిన టాగోర్ బాల్ నికేతన్ బడిలో, పిల్లలు ఆ సాయంత్రం పండుగ చేసుకోవడానికి చేరి ఉన్నారు. 1997లో ఇదే కొలంబియా మీద తొలి యాత్ర చేసిన తరువాత ఆవిడ ఆ బడిని మరిచిపోలేదు. అక్కడి విద్యార్థులు ఏటా ఇద్దరు చొప్పున నాసా వేసవి కార్యక్రమానికి వెళ్ళే ఏర్పాటు చేసింది. అంటే ఆ పిల్లలకు ఆవిడ గోడమీది పటం కాదు, పైతరగతి అక్కయ్యకు టికెట్ పంపించిన మనిషి. ఆ పిల్లల ఏడుపును టీవీల్లో చూసి దేశమంతా ఏడ్చింది. ఆ రోజుల్లోనే, ఆవిడ అమెరికా పౌరసత్వం తీసుకున్న మనిషి కదా, మనం 'మన అమ్మాయి' అనడం ఏమిటని కొందరు విసుక్కున్నారు కూడా. నాకా విసుగు సరైనదనిపించదు. ఊరు విడిచి వెళ్ళిన ఆడబిడ్డ మీద పుట్టింటి ఊరికి హక్కు ఉండదని మనం ఎన్నడూ అనుకోలేదు. ఫిబ్రవరి 4న హ్యూస్టన్‌లో జరిగిన సంతాప సభలో అధ్యక్షుడు బుష్ కూడా, అంతరిక్షానికి ఆవిడంత దూరపు దారిన వచ్చినవారు మరొకరు లేరని, విద్యార్థిగా వదిలి వచ్చిన పుట్టినదేశాన్ని ఆకాశం నుంచి మొత్తంగా చూసిందని చెప్పి ఆ పుట్టింటిని గుర్తుచేశాడు. అయితే బంధుత్వం చెప్పుకున్నప్పుడు దానితో పాటు వచ్చే బాధ్యతా ఉంటుంది. దాని దగ్గరికి తరువాత వస్తాను.

ఫిబ్రవరి 5న ప్రధాని వాజ్‌పేయి మన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కు 'కల్పన-1' అని పేరు మార్చుతున్నట్టు ప్రకటించారు. అది అంతకు అయిదు నెలల ముందు, 2002 సెప్టెంబర్ 12న, మన శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ4 రాకెట్ మీద పైకి వెళ్ళినది. దేశాలు తమ శోకాన్ని రాతి విగ్రహాల్లో, రోడ్ల పేర్లలో దాచుకోవడం మామూలే గానీ, ఒక పనిముట్టుకు పేరు పెట్టడం నాకు నచ్చింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళ పాటు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడల్లా మబ్బుల చిత్రాలు ఇచ్చిన ఉపగ్రహాల్లో అదీ ఒకటి. ఆ చిత్రం కింద 'కల్పన-1' అని చిన్న అక్షరాల్లో ఉండేది. దివిసీమలోనో ఉప్పాడలోనో టీవీ ముందు కూర్చున్న జాలరి కుటుంబానికి ఆ పేరు ఎవరిదో తెలియకపోవచ్చు. తెలియాల్సిన అవసరమూ లేదు. వాళ్ళకు కావలసింది ఆ తెల్లటి సుడి ఎటు తిరుగుతోందన్నదే.

ఇలాన్ రామోన్ కథ మరో రకంగా నడిచింది. ఆయన తల్లి ఆష్విట్జ్ మరణ శిబిరం నుంచి బతికి బయటపడిన మనిషి. ఆయన తనతో పాటు పీటర్ గింజ్ అనే యూదు కుర్రవాడు వేసిన ఒక బొమ్మ ప్రతిని తీసుకెళ్ళాడు. చంద్రుడి మీద నిలబడి చూస్తే భూమి ఎలా కనిపిస్తుందో ఊహించి వేసిన పెన్సిలు బొమ్మ అది. నాజీలు ఆ పిల్లవాడిని పదహారేళ్ళ వయసులో ఆష్విట్జ్‌లో చంపేశారు. అతడు పుట్టిన తేదీ 1928 ఫిబ్రవరి 1. బతికి ఉంటే కొలంబియా కూలిన నాడే డెబ్బై అయిదేళ్ళు నిండేవి. ప్రమాదం తరువాత ఈ బొమ్మ సంగతి ప్రపంచమంతటా ప్రచారమయ్యేసరికి, ప్రాగ్ నగరంలో ఒక మనిషికి తన ఇంటి అటక మీద పడి ఉన్న పాత నోటు పుస్తకాల్లో అలాంటి బొమ్మలే ఉన్నాయని గుర్తొచ్చింది. తీసి చూస్తే అవి ఆ పిల్లవాడి డైరీలే. రామోన్ అంతరిక్షంలో రాసుకున్న డైరీ కాగితాలు కూడా కొన్ని, అంత వేడినీ అంత ఎత్తునూ తట్టుకొని, రెండు నెలల తరువాత టెక్సాస్ పొలాల్లో దొరికాయి. ఇనుమూ టైటానియమూ కరిగిపోయిన చోట కాగితం మిగలడం చూసి 'ఇది విధి కాక మరేమిటి' అని ఎవరైనా అంటే, నేను వాదించలేను. దుఃఖంలో ఉన్న మనసు ఇలాంటి కలయికలను పోగుచేసుకుంటుంది, వాటిని ఆసరా చేసుకొనే లేచి నిలబడుతుంది. ఆ ఆసరాను లాగేయడం పత్రికల పని కాదు.

ఇక శకలాలు పడ్డ నేల సంగతి. తూర్పు టెక్సాస్‌లో హెంఫిల్ అనే ఊరు ఉంది, జనాభా వెయ్యికి కాస్త ఎక్కువ. చుట్టూ దట్టమైన పైన్ అడవులు. ఆ శనివారం ఉదయం ఇళ్ళ కిటికీలు అదిరాయి, తరువాత ఆకాశం నుంచి ముక్కలు పడ్డాయి. విలేకరులకూ రాజకీయ నాయకులకూ ముందే అక్కడి రైతులూ, అగ్నిమాపక సిబ్బందీ, అటవీ ఉద్యోగులూ చేయాల్సిన పని మొదలుపెట్టేశారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన 25 వేల మందికి పైగా మనుషులు, చెయ్యి చాపితే పక్కవాడికి తగిలేంత దూరంలో వరుసగా నిలబడి, ముళ్ళపొదల్లో, బురదలో, ఫిబ్రవరి చలిలో అడుగడుగూ వెతికారు. ఊళ్ళోని ఆడవాళ్ళు ఒక సామాజిక భవనంలో వంటలు పెట్టి వాళ్ళందరికీ అన్నం పెట్టారు. ముందుగా వ్యోమగాముల భౌతిక కాయాలను వెతికి, ఏడుగురివీ సేకరించి, మర్యాదగా సాగనంపారు. ఆ తరువాత నెలల తరబడి సుమారు 84 వేల ముక్కలు ఏరారు. ఆ నౌక బరువులో అది 38 శాతం.

అక్కడ కూడా మనుషులందరూ దేవతలేమీ కాదు. కొందరు ముక్కలను ఇంట్లో దాచుకున్నారు. కొన్ని గంటల్లోనే ఇంటర్నెట్‌లో కొలంబియా శకలమంటూ వేలానికి పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఫలానా తేదీలోగా తెచ్చి ఇచ్చేస్తే కేసు పెట్టమని ప్రభుత్వం గడువు కూడా ఇవ్వాల్సి వచ్చింది. అయినా ఆ ప్రాంతం గురించి చదివినప్పుడు నాకు మిగిలే చిత్రం ఆ నడిచే వరుసదే. మనుషులు తాము ఎన్నడూ చూడని ఏడుగురి కోసం, ఎవరూ ఫొటో తీయని చోట, తల దించుకొని నేల వెతుకుతూ నడవడాన్ని సంతాపమని ఎవరూ అనలేదు గానీ, నేను చూసిన అన్ని సంతాప సభల కన్నా అదే నాకు పెద్దదిగా తోస్తుంది. మార్చి 27న ఆ గాలింపులో ఒక హెలికాప్టర్ కూలి ఇద్దరు చనిపోయారు. ఆ ఇద్దరికీ మా పేజీలో తపాలా బిళ్ళంత చోటు కూడా దొరకలేదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్ళాలి. కొలంబియా వ్యోమగాములు కక్ష్యలో ఉండగానే జనవరి 28 వచ్చింది. ఆ రోజు వాళ్ళు పని ఆపి, పదిహేడేళ్ళ కిందట అదే తేదీన కూలిన మరో వ్యోమనౌక ఛాలెంజర్ సిబ్బంది కోసం మౌనం పాటించారు. హస్బెండ్ వాళ్ళను తలచుకొని నాలుగు మాటలు చెప్పాడు. నాలుగు రోజుల తరువాత తమ కోసం అలాగే మౌనం పాటిస్తారని వాళ్ళకు తెలియదు.

ఛాలెంజర్ 1986 జనవరి 28న ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైంది. అందులో క్రిస్టా మెకాలిఫ్ అనే బడిపంతులమ్మ ఉంది. పదకొండు వేల మందికి పైగా ఉపాధ్యాయులు దరఖాస్తు పెట్టుకుంటే ఎంపికైన ఒకే ఒక్క మనిషి. ఆమె కక్ష్య నుంచి పాఠం చెప్పబోతోందని, బడుల్లో పిల్లలు చూడటానికి నాసా ప్రత్యేకంగా ఉపగ్రహ ప్రసారం ఏర్పాటు చేసింది. అందుకని ఆ ఘోరాన్ని కళ్ళారా ముందు చూసినవారిలో ఎందరో పిల్లలు ఉన్నారు. పెద్ద టీవీ సంస్థలు అప్పటికే షటిల్ ప్రయోగాల మీద ఆసక్తి పోగొట్టుకొని ప్రత్యక్ష ప్రసారం మానేశాయి, దేశవ్యాప్త చానళ్ళలో ఒక్క సీఎన్ఎన్ మాత్రమే ఇచ్చింది. అయినా తాము ఆ క్షణాన్ని టీవీలో ప్రత్యక్షంగా చూశామని నమ్మే అమెరికన్లు లెక్కకు మించి ఉన్నారు.

ఈ నమ్మకం సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే రేపు ప్రత్యక్ష సాక్షుల మాటలు రాసేది మీరే. ఎమరీ విశ్వవిద్యాలయంలో అల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఛాలెంజర్ కూలిన మర్నాడే 106 మంది విద్యార్థుల చేత, ఆ వార్త మీకు ఎక్కడ, ఎవరి ద్వారా, ఎలా తెలిసిందో రాయించి దాచారు. రెండున్నరేళ్ళు దాటాక వాళ్ళలో 44 మందిని మళ్ళీ అదే అడిగారు. పావువంతు మంది ఒక్క ముఖ్యమైన విషయం కూడా సరిగా చెప్పలేకపోయారు, కానీ చెప్పింది మాత్రం పూర్తి ధీమాతో చెప్పారు. వాళ్ళ చేతిరాతనే వాళ్ళ ముందు పెట్టినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. ఉమ్మడి దుఃఖంలో మనకూ ఒక చోటు కావాలనే తపన జ్ఞాపకాన్ని కూడా దిద్దేస్తుందన్నమాట. కాబట్టి ఇందాక నేను చెప్పిన ప్రూఫ్ రీడర్ గారి ప్రశ్నను కూడా మీరు కొంచెం తగ్గించే నమ్మండి. పాత పత్రిక నా దగ్గర ఉంది కనుక శీర్షికకు మాత్రం పూచీ పడగలను.

ఛాలెంజర్ కూలిన సాయంత్రం అధ్యక్షుడు రీగన్, పార్లమెంటుకు ఇవ్వాల్సిన వార్షిక ప్రసంగాన్ని వాయిదా వేసి, దేశంతో, ముఖ్యంగా బడిపిల్లలతో మాట్లాడాడు. అన్వేషణలో ఇలాంటి బాధలు తప్పవని, భవిష్యత్తు ధైర్యవంతులదేనని చెప్పాడు. ఏడుస్తున్న పిల్లలకు ఆ పూట అంతకన్నా మంచి మాట ఎవరైనా చెప్పగలరా అంటే, నాకు తోచదు. కానీ ఆయన మాట్లాడుతున్న ఆ గంటకే యూటా రాష్ట్రంలో, ఆ నౌక రాకెట్లు తయారుచేసిన సంస్థలోని కొందరు ఇంజనీర్లు లోలోపల కుమిలిపోవడం మొదలైంది. ఫ్లోరిడాలో గడ్డకట్టే చలి పడుతోందని, ఆ చలిలో రాకెట్ అతుకుల దగ్గరి రబ్బరు వలయాలు బిగుసుకుపోతాయని, ఎగరనివ్వవద్దని వాళ్ళు ముందురోజు రాత్రే ఫోనులో వాదించి ఓడిపోయి ఉన్నారు. ఫిబ్రవరిలో విచారణ సంఘం ముందు భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను గ్లాసుడు మంచునీళ్ళలో ముంచి, అది మళ్ళీ విచ్చుకోవడం లేదని అందరికీ చూపించాడు. ధైర్యం అన్న మాట ఆ గ్లాసు ముందు నిలబడలేదు. ఎగిరినవారు ధైర్యవంతులే, సందేహం లేదు. కానీ వాళ్ళు ధైర్యం చూపించాల్సింది ఏ ప్రమాదం ఎదుటో, ఆ ప్రమాదం గురించి వాళ్ళకెవరూ చెప్పలేదు.

ఇదే దుఃఖం, ప్రశ్న వేయనివ్వని దేశంలో ఎలా ఉంటుందో చూడాలంటే సోవియట్ రష్యా ఉంది. 1971 జూన్‌లో దొబ్రొవొల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్ అనే ముగ్గురు సల్యూత్ అనే అంతరిక్ష కేంద్రంలో మూడు వారాలకు పైగా గడుపుతూ టీవీలో ఇంటింటికీ పరిచయమయ్యారు. జూన్ 30 తెల్లవారుజామున వాళ్ళ సోయజ్-11 పారాచూట్ మీద కజక్ మైదానంలో పద్ధతి ప్రకారమే దిగింది. తలుపు తీసినవాళ్ళకు ముగ్గురూ కుర్చీల్లోనే నిద్రపోతున్నట్టు కనిపించారు. పైన ఉండగానే ఒక కవాటం తెరుచుకొని గాలంతా పోయింది. లోపల ఇరుకుగా ఉందని పీడన రక్షణ దుస్తులు లేకుండానే వాళ్ళను పంపారు. మాస్కోలో వేలాది మంది వరుసకట్టి ఏడుస్తూ వాళ్ళను చూసి వెళ్ళారు. అమెరికా వ్యోమగామి టామ్ స్టాఫర్డ్ వచ్చి పాడె మోశాడు. ఏడవడానికి అనుమతి ఉంది. దుస్తులు ఎందుకు ఇవ్వలేదని పత్రికలో అడగడానికి లేదు. అంతకు ముందు 1960 అక్టోబర్‌లో బైకనూర్‌లో రాకెట్ పేలి ఎందరో సిబ్బందితో పాటు మార్షల్ నెదెలిన్ చనిపోతే, ఆయన విమాన ప్రమాదంలో పోయాడని ప్రకటించారు. మిగతావారి కుటుంబాలకు సుమారు ముప్పై ఏళ్ళ పాటు బహిరంగంగా ఏడ్చే వీలు కూడా లేకపోయింది.

మన దగ్గర ఒక ఆచారం ఉంది. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళినవారు మొదట అడిగే మాట 'ఎలా జరిగిందమ్మా?' అనే. ఆ తల్లి, లేదా ఆ భార్య, మొదటి నుంచి చెప్పుకొస్తుంది: పొద్దున్న లేచాడు, కాఫీ తాగాడు, గుండెలో మంటగా ఉందన్నాడు, ఆటో పిలిచేసరికి... అని. మరొకరు వస్తారు, మళ్ళీ అడుగుతారు, ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది. పట్నవాసులకు ఇది మోటుగా కనిపిస్తుంది. నా చిన్నప్పుడు నాకూ అలాగే అనిపించేది. కానీ ఆ చెప్పడంలోనే ఆవిడ ఏడుపు సాగుతుంది. ఆ చెప్పడంలోనే 'ఆటో ఇంకొంచెం ముందు పిలిచి ఉంటే' అన్న చోట గొంతు ఆగుతుంది. అందుకని, సంతాప సమయంలో కారణాలు తవ్వడం అమర్యాద అని ఎవరైనా అంటే, ఆ మర్యాద మన ఊళ్ళలోది కాదని చెబుతాను.

కొలంబియా విషయంలో 'ఎలా జరిగింది' అన్నదానికి జవాబు పదహారు రోజుల ముందు మొదలవుతుంది. జనవరి 16న నౌక పైకి లేచిన సుమారు 82 సెకన్లకు, బయటి ఇంధన ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు కొట్టుకుంది. దాని బరువు ముప్పావు కిలో. చూడటానికి థర్మాకోల్ లాగే ఉంటుంది, కానీ తగిలిన వేగం గంటకు సుమారు 800 కిలోమీటర్లు. మర్నాడే వీడియోలో దాన్ని చూశారు. రెక్కను దగ్గరగా ఫొటో తీయించాలని ఇంజనీర్ల వైపు నుంచి మూడుసార్లు ప్రయత్నం జరిగింది, మూడుసార్లూ ఆగిపోయింది. జనవరి 23న కింది నుంచి హస్బెండ్‌కూ మెకూల్‌కూ ఒక ఈమెయిల్ వెళ్ళింది. ఫోమ్ తగిలిన మాట నిజమేనని, ఇలాంటివి మునుపు కూడా చూశామని, తిరిగి రావడానికి ఏ మాత్రం ఆందోళన అక్కర్లేదని అందులో ఉంది. విలేకరులు అడిగితే ఆశ్చర్యపోకూడదని మాత్రమే ఆ సంగతి వాళ్ళకు చెప్పారు.

ఫిబ్రవరి 1న హ్యూస్టన్ కేంద్రంలో తెరల మీద ఎడమ రెక్కలోని సెన్సర్లు ఒకటొకటిగా మౌనం వహించసాగాయి. మన గడియారంలో రాత్రి 7:29కి హస్బెండ్ ఏదో చెప్పబోతూ ఉండగా మాట తెగిపోయింది. పదమూడు నిమిషాల తరువాత, బయట టీవీలో నౌక ముక్కలవడం చూపిస్తున్నారన్న కబురు లోపలికి వచ్చింది. ఫ్లైట్ డైరెక్టర్ లెరాయ్ కేన్ కళ్ళు చెమర్చాయి. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకొని, తలుపులు మూసేయమన్నాడు. ఆ మాటకు అక్కడ అర్థం ఏమిటంటే, ఎవరూ బయటికి వెళ్ళకూడదు, ఎవరికీ ఫోను చేయకూడదు, ఎవరి తెర మీది లెక్కలు వాళ్ళు చెరగకుండా భద్రపరచాలి. ఆ వీడియో ఇప్పటికీ చూడవచ్చు. చూసినప్పుడల్లా నాకు మా చీఫ్ సబ్ గారి ప్రశ్న వినిపిస్తుంది. విధి అనే మాటకు ఉన్న రెండర్థాలూ ఆ మనిషి ముఖంలో ఒకేసారి కనిపిస్తాయి.

అడ్మిరల్ హెరాల్డ్ గెహ్‌మన్ నాయకత్వంలోని విచారణ సంఘం నిందారోపణలతో తృప్తి పడలేదు. జులై 7న శాన్ ఆంటోనియోలో, రెక్క అంచుకు వాడే అసలు పలక మీదికి అంతే బరువున్న ఫోమ్ ముక్కను అంతే వేగంతో తుపాకీలాంటి యంత్రంతో పేల్చి చూశారు. పలకకు అడుగుకు పైగా వెడల్పున్న రంధ్రం పడింది. అంత పెద్ద రంధ్రం పడుతుందని చుట్టూ నిలబడ్డవాళ్ళే అనుకోలేదు, అవాక్కయ్యారు. ఆగస్టు 26న వచ్చిన నివేదిక, ఈ ప్రమాదానికి ఆ ఫోమ్ ఎంత కారణమో సంస్థ పనితీరూ అంతే కారణమని తేల్చింది. మొదటి రోజుల్లోనే దెబ్బ తీవ్రత గుర్తించి ఉంటే, అప్పటికే సిద్ధమవుతున్న అట్లాంటిస్ నౌకను తొందరగా పంపి వాళ్ళను తెచ్చే ప్రయత్నమైనా చేయగలిగేవారని కూడా అందులో ఉంది. పరామర్శకు వెళ్ళిన ఇంట్లో గొంతు ఆగే చోటు ఇదే.

శకలాల విషయంలో నాసా కూడా ఈసారి మారింది. ఛాలెంజర్ ముక్కలను ఫ్లోరిడాలో పాత క్షిపణి గోతుల్లో పూడ్చి మూత వేశారు. కొలంబియా ముక్కలను మాత్రం పూడ్చకుండా కెన్నెడీ కేంద్రంలో ఒక గదిలో భద్రపరిచి, పరిశోధకులకు అరువిస్తున్నారు. 2015లో రెండు నౌకల నుంచీ చెరొక భాగాన్ని తీసి సందర్శకుల కోసం ఒకచోట ఉంచారు.

ఇప్పుడు నా లెక్క నేను చెప్పుకోవాలి. ఫిబ్రవరి 2న మా పత్రిక కల్పన మరణానికి మొదటి పేజీ అంతా ఇచ్చింది, తరువాత వారం రోజులు కవితలు వేసింది. వచ్చిన కవితల్లో సగానికి పైగా 'కల్పన' పేరు మీద, కల మీద ఆడిన మాటలే. ఆగస్టులో ఆ నివేదిక వచ్చినప్పుడు లోపలి పేజీలో రెండు కాలాల వార్త వేశాం. రాసింది నేనే. 'మన అమ్మాయి' అన్నవాళ్ళమే, ఆ అమ్మాయి ఎలా పోయిందో చెప్పే కాగితం వచ్చేసరికి ప్రకటనల మధ్య దూర్చాం. పుట్టింటివారు పెద్దకర్మ అయిపోగానే కేసు వదిలేసినట్టు అయింది మా పని.

మరి ఆరు నెలలకు, 2004 ఫిబ్రవరి 23న, శ్రీహరికోటలో ఘన ఇంధనం తయారుచేసే విభాగంలో మంటలు చెలరేగి ఆరుగురు చనిపోయారు. వాళ్ళు ఆకాశంలోకి వెళ్ళేవాళ్ళు కాదు. కల్పన-1ను పంపినలాంటి రాకెట్లలో మందు కూర్చే చోట, మన నేల మీద పనిచేస్తూ ఉన్నవాళ్ళు. దేశం వాళ్ళ కోసం కొవ్వొత్తులు వెలిగించలేదు. ఆ రాత్రి డెస్కులో నా పక్కన కూర్చున్న కొత్త కుర్రవాడు 'విధి నిర్వహణలో ఆరుగురి మృతి' అని శీర్షిక రాసి తీసుకెళ్ళాడు. చీఫ్ సబ్ గారు చదివారు. ఈసారి ఆ మాటను కొట్టేయలేదు. కిందనే పెన్సిలుతో, 'ఎలా జరిగింది? రేపటి నుంచి రోజూ ఒక వార్త' అని రాసి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు ఫొటోలు వచ్చాక, ఆరూ ఒకే సైజులో వేయమన్నారు.